బోటు ఇంజన్ పని: లారీ సామాను ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ ముంచుతుంది

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో మరబోట్ల చెక్క పని, రంగులు, ఇంజన్ పని అన్నీ ఆ 61 రోజుల్లోనే అయిపోవాలి. ఇంజన్ విప్పాక రోజుల్ని మింగేది మెకానిక్ పని కాదు, సామాను. క్రాంకు (పిస్టన్ల కదలికని తిరుగుడుగా మార్చే కడ్డీ) గ్రైండింగ్ షాపులో వరసలో పడి ఉంటుంది. తెచ్చిన బేరింగులు సైజు తప్పుతాయి. ఇంజన్ నీళ్లని సముద్రపు నీటితో చల్లబరిచే హీట్ ఎక్స్ఛేంజర్ లోపలి గొట్టాల కట్ట ఏ షాపులోనూ కనబడదు. జూన్ రెండో వారం వచ్చేసరికి "ప్రస్తుతానికి ఇది వేసేద్దాం" అనే మాట మొదలవుతుంది. ఆగస్టులో నడిసముద్రంలో బోటును ఆపేది ఎక్కువగా అలా వేసిన సామానే.

మన ట్రాలర్లలో ఉన్న ఇంజన్లు చాలావరకు పుట్టుకతో బోటు ఇంజన్లు కాకపోవడమే ఈ చిక్కుకి మూలం. లారీకీ బస్సుకీ చేసిన ఇంజన్‌కి సముద్రపు తొడుగు వేస్తే బోటు ఇంజన్ అయింది. అశోక్ లేలాండ్ ఆరు సిలిండర్ల 400నే చూడండి. ఆ పేరులోని అంకె ఘనపు అంగుళాల్లో దాని పరిమాణం, అంటే సుమారు 6.5 లీటర్లు. అదే కుటుంబపు ఇంజన్లు దశాబ్దాల పాటు మన రోడ్ల మీద తిరిగాయి. అందుకే పిస్టన్ కోసం విజయవాడ ఆటోనగర్‌కో గాజువాక ఆటోనగర్‌కో వెళ్తే చాలు, పని అయిపోతుంది. అదే షాపులో అదే ధీమాతో సముద్రపు నీటి వైపు సామాను కొన్నప్పుడే కథ అడ్డం తిరుగుతుంది.

కాబట్టి విప్పిన సామానంతా మూడు కుప్పలు వేసుకోవాలి. లారీదీ బోటుదీ ఒకటే అయినవి మొదటి కుప్ప. చూడ్డానికి ఒకటే కానీ పనిలో వేరైనవి రెండోది. బోటుకి మాత్రమే ఉండేవి మూడోది. డబ్బు ఎక్కువగా మొదటి కుప్పకి ఖర్చవుతుంది కానీ బోటు ఆగిపోయేది రెండో కుప్పలో తప్పు వల్ల, ఆలస్యమయ్యేది మూడో కుప్ప వల్ల.

విప్పకముందు చేయాల్సింది

సామాను జాబితా మార్చిలోనే, బోటు ఇంకా వేటకి వెళ్తుండగానే మొదలవ్వాలి. ఇంజన్ బాగా వేడెక్కాక ఆయిల్ ప్రెషరు ఎంత ఉందో, వల లాగుతున్నప్పుడు ఎన్ని ఆర్‌పీఎమ్ అందుతుందో, ఖాళీగా పరుగు తీసినప్పుడు ఎన్నో రాసి పెట్టుకోవాలి. పొగ రంగు, బ్రీదరు (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) లోంచి వచ్చే గాలి, రోజుకి ఎంత ఆయిల్ తాగుతోందన్నదీ రాయాలి. విప్పేశాక ఈ అంకెలు మళ్లీ దొరకవు. వేడి మీద ఆయిల్ ప్రెషరు బాగానే ఉండి ఆయిల్ మాత్రం తాగుతుంటే జబ్బు రింగుల్లోనో వాల్వు గైడ్‌లలోనో ఉంటుంది, అప్పుడు క్రాంకు ముట్టుకోనక్కర్లేకపోవచ్చు. ప్రెషరు పడిపోతుంటే ఆయిల్ పంపు, రిలీఫ్ వాల్వు చూడాలి. అవి బాగుంటే బేరింగుల పని ఖాయం.

మూడో కుప్పలో కొన్ని సామాన్లు ఇంజన్ విప్పకుండానే ఆర్డరు పెట్టొచ్చు: సీ వాటర్ పంపు ఇంపెల్లరు (నీటిని నెట్టే రబ్బరు రెక్కల చక్రం), షాఫ్ట్ సీలు, జింకు కడ్డీలు (తాము అరిగిపోయి మిగతా లోహాన్ని ఉప్పునీటి నుంచి కాపాడేవి), గేరుబాక్సు క్లచ్ ప్లేట్లు, హీట్ ఎక్స్ఛేంజర్ చివరి రబ్బరు రింగులు. ఇవి కొలతతో పనిలేనివి, మోడల్ నంబరుతో వచ్చేవి, రావడానికి వారాలు పట్టేవి. పిస్టన్లు, లైనర్లు (పిస్టన్ కదిలే గొట్టాలు), బేరింగుల సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. కొలవకముందు కొంటే తప్పే.

కొలత ముందు, కొనడం తర్వాత

కిందటిసారి ఏం చేశారో పాత బేరింగు చెబుతుంది. దాని షెల్ వెనక ఎస్‌టీడీ (స్టాండర్డ్) అనో, 010, 020 అనో, 0.25, 0.50 అనో ముద్ర ఉంటుంది. 010 అంటే అంగుళంలో వెయ్యి వంతుల్లో పది, అంటే 0.25 మి.మీ. క్రాంకు ఇప్పటికే ఇరవైకి గ్రైండ్ అయి ఉంటే స్టాండర్డ్ బేరింగులు తెచ్చినందువల్ల లాభం లేదు. గ్రైండింగ్ సాధారణంగా పది, ఇరవై, ముప్పై, నలభై మెట్లలో సాగుతుంది. అయితే నైట్రైడింగ్ (ఉక్కు పైపొరని గట్టిపరిచే పద్ధతి) చేసిన క్రాంకుకి పైన గట్టి పొర మిల్లీమీటరులో కొద్ది వంతులే ఉంటుంది. ఎక్కువ తీస్తే ఆ పొర పోయి మెత్తటి ఇనుము బయటపడుతుంది, కొత్త బేరింగు వేసినా ఒక సీజనుకే జర్నల్ (క్రాంకులో బేరింగు మీద తిరిగే భాగం) గీతలు పడుతుంది. గ్రైండరు దగ్గర అడగాల్సినవి రెండు: తీశాక గట్టిదనం పరీక్ష, జర్నల్ మూలల్లో గుండ్రటి వంపు అలాగే ఉంచడం. ఆ మూల పదునుగా తేలితే క్రాంకు విరిగేది సరిగ్గా అక్కడే. గ్రైండింగ్‌కి ముందు పగుళ్ల పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే పగిలిన క్రాంకుని మెరిపించడానికి డబ్బు పెట్టడం కంటే పెద్ద దండగ ఇంకోటి లేదు.

బోరుని (సిలిండరు రంధ్రాన్ని) పైన, మధ్యలో, కింద మూడు ఎత్తుల్లో, ప్రతి చోటా క్రాంకు వెంబడీ దానికి అడ్డంగానూ కొలవాలి. అరుగుదల ఎక్కువగా టాప్ రింగు ఆగే చోట ఉంటుంది. లైనరు కొనేటప్పుడు అది ఫినిష్డా, సెమీ ఫినిష్డా అని అడగడం మర్చిపోవద్దు. ఫినిష్డ్ లైనరు నేరుగా దింపొచ్చు. సెమీ ఫినిష్డ్‌ని దింపాక బోరింగ్ (సైజుకి కోయడం), హోనింగ్ (సన్నటి గీతలతో సానపట్టడం) చేయాలి, అంటే బ్లాకు మళ్లీ షాపుకి వెళ్లాలి. ధర తక్కువని రెండోది తెచ్చి, మిషను దగ్గర వరస చూసి తల పట్టుకునేవాళ్లు ప్రతి మే నెలలోనూ ఉంటారు. డ్రై లైనరు (చుట్టూ నీళ్లు తగలని రకం) చాలాసార్లు మార్చిన బ్లాకులో, లైనరు కూర్చునే రంధ్రమే వదులై ఉంటుంది. అందులో మామూలు లైనరు వేస్తే బ్లాకుకి వేడి అందదు, పిస్టన్ పట్టేస్తుంది. బయటి వ్యాసం పెద్దదైన లైనరు తెచ్చి, రంధ్రాన్ని దానికి తగ్గట్టు బోర్ చేయించడమే మందు.

కొన్ని అంకెలు చేతిలో ఉంచుకోవాలి, చివరి మాట మాత్రం ఆ ఇంజన్ మాన్యువల్‌దే. రింగు చివరల మధ్య సందు ప్రతి 100 మి.మీ. బోరుకి 0.3 నుంచి 0.4 మి.మీ. ఉండాలి. 75 మి.మీ. జర్నల్ మీద బేరింగు సందు సుమారు 0.05 నుంచి 0.08 మి.మీ. ఉంటుంది, దీన్ని ప్లాస్టీగేజ్ అనే మెత్తటి తీగని మధ్యలో నలిపి కొలవొచ్చు. రింగు సందుని కొత్త లైనరులోనే, రింగుని పిస్టన్‌తో తిన్నగా నెట్టి చూడాలి. "కిట్టులో వచ్చింది కదా, సరిపోతుందిలే" అనుకోవడం ప్రమాదం. సందు చాలకపోతే వేడికి రింగు చివరలు గుద్దుకుని లైనరు చీరుకుపోతుంది.

అసలు కిట్టుకీ నకిలీకీ తేడా పట్టడానికి అట్టపెట్టె మీద హోలోగ్రాం ఒక్కటే చాలదు. ఆరు పిస్టన్లనీ కూరగాయల కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద తూచండి. మంచి సెట్టులో తేడా కొద్ది గ్రాములే ఉంటుంది. పదుల గ్రాములు తేడా వస్తే ఆ సెట్టు వెనక్కి పంపాలి. ఒకే ఒక పిస్టన్ పోయిందని వేరే కంపెనీది ఒక్కటి వేయడం కూడా ఇందుకే పనికిరాదు. కనెక్టింగ్ రాడ్ బోల్టులు ఎంత కొత్తగా కనబడినా ప్రతిసారీ మార్చాలి.

హెడ్డు (సిలిండర్ల పై మూత) దగ్గర జనం మర్చిపోయే సంగతి ఒకటుంది. ఫేసింగ్ (కింది ముఖాన్ని చదును) చేసిన ప్రతిసారీ హెడ్డు ఎత్తు తగ్గుతుంది, డీజిల్ చిమ్మే నాజిల్ కొన లోపలికి ఎక్కువ పొడుచుకొస్తుంది, వాల్వులు పిస్టన్‌కి దగ్గరవుతాయి. కాబట్టి ఫేసింగ్ తర్వాత వాల్వు లోతు, నాజిల్ కింద వేసే రాగి వాషరు మందం రెండూ మళ్లీ సరిచూడాలి. వాల్వు సీట్ల మధ్య పగులు కంటికి ఆనదు, నీటి ప్రెషరు పరీక్షకే దొరుకుతుంది.

ఒకటేలా కనబడే కుప్ప

అన్నిటికంటే మోసపోయేది ఫ్యూయల్ పంపు విషయంలో. ఈ పంపులు చేసే బాష్ కంపెనీ 2008 దాకా ఇక్కడ మైకో పేరుతో ఉంది, బజార్లో ఇప్పటికీ మైకో పంపు అనే అంటారు. పంపులో డీజిల్‌ని నెట్టే ఎలిమెంట్లు, డెలివరీ వాల్వులు లారీవీ బోటువీ కలిసే చోట్లు చాలా ఉన్నాయి. కలవనిది సెట్టింగు. లారీ ఇంజన్ పూర్తి బలం ఘాట్ ఎక్కేటప్పుడు కొన్ని నిమిషాలు వాడుతుంది, తర్వాత ఊపిరి పీల్చుకుంటుంది. ట్రాలరు వల వేస్తే గంటల తరబడి అదే భారం. అందుకే అదే ఇంజన్‌కి బోటులో తక్కువ హార్స్‌పవర్, తక్కువ డీజిల్ కొలత పెడతారు. పంపుని లారీ కొలతకి కాలిబ్రేట్ చేయిస్తే మొదటి వారం బోటు భలే లాగుతుంది. ఆ తర్వాత ఎగ్జాస్ట్ వేడి పెరిగి వాల్వులు కాలతాయి, రింగులు పిస్టన్ గాడిలో అంటుకుపోతాయి, హెడ్డు పగులుతుంది.

ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నరు కూడా అంతే. లారీ పంపుల్లో చాలావాటికి ఐడిల్‌నీ గరిష్ఠ వేగాన్నీ మాత్రమే పట్టుకునే గవర్నరు ఉంటుంది, మధ్యలో అంతా డ్రైవరు కాలే. బోటులో లీవరు ఒకచోట పెట్టి వదిలేస్తారు. అలల మీద ప్రొపెల్లరు సగం తేలినప్పుడు భారం తగ్గి ఇంజన్ ఎగిరిపోకుండా పట్టాలంటే అన్ని వేగాల్లోనూ పనిచేసే గవర్నరు కావాలి. పంపు షాపుకి ఇచ్చేటప్పుడు పంపు ప్లేటు మీదున్న నంబరు, ఇంజన్ ప్లేటు మీదున్న హార్స్‌పవర్, ఆర్‌పీఎమ్ రాసిచ్చి, సిలిండరు సిలిండరుకీ వచ్చిన కొలతల కాగితం తీసుకోవాలి. ఎలిమెంట్లు మారిస్తే ఆరూ ఒకేసారి మార్చాలి.

నీటి వేడిని బట్టి తెరుచుకునే థర్మోస్టాట్ చిన్న సామానే అయినా దాని తప్పు పెద్దది. ఇంజన్‌లో మంచినీళ్లే తిరుగుతూ హీట్ ఎక్స్ఛేంజర్‌లోనో కీల్ కూలర్‌లోనో (బోటు అడుగున బయట ఉండే గొట్టాల్లో) చల్లబడే ఏర్పాటయితే లారీ థర్మోస్టాట్ పనిచేస్తుంది. సముద్రపు నీరే బ్లాకులో తిరిగే పాత ఏర్పాటయితే నీటి వేడి 60 డిగ్రీల లోపే ఉండాలి. అది దాటితే నీటిలో కరిగిన లవణాలు సిలిండర్ల చుట్టూ పెచ్చులు కడతాయి, ఒకసారి కట్టాక వేడి బయటికి పోదు. 80 డిగ్రీల దగ్గర తెరుచుకునే లారీ థర్మోస్టాట్‌ని అందులో వేస్తే బ్లాకుకి సున్నం కొట్టినట్టే.

అలాంటివే ఇంకొన్ని. లారీకి ఉక్కు కోర్ ప్లగ్గులు (బ్లాకు రంధ్రాలు మూసే బిళ్లలు) సరిపోతాయి, ఉప్పునీరు తగిలే బ్లాకుకి ఇత్తడివి కావాలి. రేడియేటరు రబ్బరు గొట్టం సీ వాటర్ పంపు పీల్చే వైపు వేస్తే లోపలికి ముడుచుకుపోతుంది, అక్కడ తీగ చుట్టిన గొట్టమే వేయాలి. రెండు చివరలా రెండేసి స్టెయిన్‌లెస్ క్లిప్పులు ఉండాలి. నీటి కింద ఉండే వాల్వుకి మామూలు ఇత్తడి వాడకూడదు. ఉప్పునీరు ఇత్తడిలోని జింకుని తినేసి, ఎర్రటి గుల్ల మిగులుస్తుంది. కంచుదే కావాలి. సముద్రపు నీటి వైపు అల్యూమినియం భాగం ఏదీ వద్దు.

సంపు (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) మారిస్తే గేజీ కడ్డీ అబద్ధం చెబుతుంది. బోటులో ఇంజన్ వెనక్కి వాలి ఉంటుంది, లారీలో దాదాపు సమంగా ఉంటుంది. లారీ గేజీ గీత దాకా పోస్తే ఆయిల్ ఎక్కువైనా అవుతుంది, పీల్చే గొట్టానికి అందకుండానైనా పోతుంది. ఇంజన్ బోటులో కూర్చున్నాక లెక్క ప్రకారం ఆయిల్ పోసి, గీత కొత్తగా పెట్టుకోవాలి.

బోటుకి మాత్రమే ఉండేవి

హీట్ ఎక్స్ఛేంజర్ గొట్టాల కట్ట కొత్తది చేయిస్తుంటే 90 శాతం రాగి, 10 శాతం నికెల్ కలిసిన గొట్టాలు అడగండి. ఉత్త రాగి కంటే ఇవి ఉప్పునీటికి చాలా ఎక్కువ కాలం నిలుస్తాయి. పాతది శుభ్రం చేసేటప్పుడు ఇనుప తీగతో గుచ్చితే లోపలి కాపలా పొర పోయి చిల్లులు మొదలవుతాయి, చెక్క పుల్లో నైలాన్ కుంచో చాలు. తర్వాత గాలి ప్రెషరు పెట్టి నీళ్లలో ముంచి చూడాలి. జింకు కడ్డీ సగం అరిగితే మార్చాలి, మరలకి టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. లోహానికి లోహం తగలకపోతే ఆ జింకు ఉన్నా లేనట్టే.

ఇంపెల్లరు రెక్క విరిగితే ముక్క ఎక్కడుందో వెతికి తీయాలి. ఆరు రెక్కల్లో రెండు పోతే రెండూ చేతికి దొరకాలి. అవి సాధారణంగా హీట్ ఎక్స్ఛేంజర్ మూతి దగ్గర ఇరుక్కుని, కొత్త ఇంపెల్లరు వేసినా ఇంజన్ వేడెక్కేలా చేస్తాయి. నిషేధం రోజుల్లో ఇంపెల్లరు తీసి పక్కన పెట్టడం మంచిది, రెండు నెలలు ఒకే వంపులో ఉంటే రెక్కలు అలాగే బిగుసుకుపోతాయి.

గేరుబాక్సు ఆయిల్ పాలలా మారితే ముందు అనుమానించాల్సింది ఆయిల్ కూలరుని. సీళ్లన్నీ మార్చి, కూలరు వదిలేస్తే నెల తిరక్కుండా మళ్లీ పాలే. నీటి తొడుగున్న ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌ది ఇంకా ప్రమాదం. లోపల చిల్లు పడితే ఇంజన్ ఆగినప్పుడు నీరు సిలిండర్‌లోకి దిగుతుంది, మరుసటి రోజు స్టార్టరు కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

సెకండ్ హ్యాండు మెరైన్ సామానుకి పెద్ద చోటు గుజరాత్‌లోని అలంగ్. ఓడలు విరిచే ఆ తీరం నుంచి కంచు వాల్వులు, పంపులు, కూలర్లు, లైఫ్‌బోటు ఇంజన్లు, గేరుబాక్సులు వస్తాయి. వాల్వులూ కూలర్లూ కళ్లు మూసుకుని కాకపోయినా ధైర్యంగా కొనొచ్చు. లైఫ్‌బోటు ఇంజన్లు తక్కువ గంటలు నడిచినవే, కానీ ఏళ్ల తరబడి కదలకుండా ఉన్నవి, పైగా విడి సామాను దొరకదు. గేరుబాక్సు అయితే నాలుగు చూడాలి: తగ్గింపు నిష్పత్తి, ముందుకు వేసినప్పుడు షాఫ్టు తిరిగే దిక్కు, బెల్ హౌసింగ్ సైజు, ఫ్లైవీల్‌తో కలిపే డాంపరు ప్లేటు. దిక్కు తప్పితే ప్రొపెల్లరు కూడా మార్చాల్సిందే.

బ్లాకు మారిస్తే ఇంజన్ నంబరు మారుతుంది. బోటు రిజిస్ట్రేషన్‌లో ఉన్న నంబరుతో అది కలవాలి కాబట్టి, మత్స్యశాఖ దగ్గర మార్పించే పని నిషేధం లోపలే పూర్తి చేసుకోవాలి. బిల్లు లేని బ్లాకు ఎంత చవకైనా ఈ మెట్టు దగ్గర ఆగిపోతుంది.

అప్‌గ్రేడ్ అంటే ఏది

ఎక్కువమంది అడిగేది టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే ఏర్పాటు. మన బోటు పొట్టకి అది దాదాపు దండగ. నీటిని చీల్చుకుంటూ పోయే పొట్టకి వేగం హద్దు దాని పొడవుని బట్టి ఉంటుంది. నీటి గీత దగ్గర 38 అడుగులుంటే ఆ హద్దు సుమారు 8.3 నాట్లు (నాట్ అంటే గంటకి ఒక సముద్రపు మైలు). దాన్ని దాటించడానికి పెట్టే హార్స్‌పవర్ అంతా అల లేపడానికే పోతుంది. ప్రొపెల్లరు అడిగే శక్తి ఆర్‌పీఎమ్‌కి ఘనంగా పెరుగుతుంది. ఆర్‌పీఎమ్ 10 శాతం పెంచితే 33 శాతం ఎక్కువ శక్తి కావాలి, 10 శాతం తగ్గిస్తే 27 శాతం తక్కువ చాలు. మామూలు ఇంజన్‌కి టర్బో బిగిస్తే, పిస్టన్ కింద ఆయిల్ చిమ్మే ఏర్పాటు లేక, కంప్రెషన్ ఎక్కువై, గ్యాస్కెట్టు నుంచి పిస్టన్ దాకా అన్నీ ఒక్కొక్కటే లొంగిపోతాయి.

ఆ డబ్బు ప్రొపెల్లరు మీద పెట్టండి. మార్చిలో రాసుకున్న అంకెలు ఇక్కడ పనికొస్తాయి. వల లాగేటప్పుడు ఇంజన్ ప్లేటు మీదున్న ఆర్‌పీఎమ్ అందక నల్లపొగ వస్తుంటే, ప్రొపెల్లరు పిచ్ (రెక్కల వాలు) ఎక్కువైందన్నమాట. పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచితే పొగ ఇంకా పెరుగుతుంది. పిచ్ తగ్గించాలి, లేదా గేరు నిష్పత్తి పెద్దది తీసుకుని నెమ్మదిగా తిరిగే పెద్ద ప్రొపెల్లరు వేయాలి. మూడు నాట్ల దగ్గర వల లాగే బోటుకి అంతకంటే మంచి అప్‌గ్రేడ్ లేదు.

రెండోది డీజిల్‌లో నీళ్లని వేరు చేసే గాజు గిన్నె ఫిల్టరు. ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య పెట్టాలి. ఎలిమెంట్లని చంపేది మురికి కంటే నీరే. మూడోది ఎగ్జాస్ట్ వేడి చూపే మీటరు, నాలుగోది ఆయిల్ ప్రెషరు పడితే మోగే అలారం. ఈ మూడింటి ధరా కలిపితే ఒక క్రాంకు ధర రాదు.

డీజిల్‌ని కంప్యూటర్ అదుపు చేసే ఎలక్ట్రానిక్ కామన్ రైల్ ఇంజన్‌కి మారదామనే ఆలోచన కూడా వినబడుతోంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) లారీలే అమ్ముతున్నారు కాబట్టి పాత మెకానికల్ పంపు బళ్లు తగ్గేకొద్దీ సెకండ్ హ్యాండు బ్లాకులు, హెడ్డులు అరుదవుతాయి, అది నిజమే. కానీ లారీ నుంచి పీకిన ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), సెన్సర్లు, వైరింగు ఉప్పుగాలిలో ఎక్కువ రోజులు ఉండవు, సముద్రం మీద స్కానర్ పట్టుకొచ్చేవాడూ ఉండడు. మంచి బ్లాకు, హెడ్డు ఇప్పుడు దొరికితే కొని, ఆయిల్ రాసి దాచుకోవడం దీనికంటే తెలివైన పని.

నీళ్లలోకి దిగాక

షాఫ్టు అలైన్‌మెంటు గట్టు మీద చేసింది చెల్లదు. చెక్క బోటు నీళ్లలో పడ్డాక రూపం కొద్దిగా మారుతుంది, కాబట్టి ఒకటి రెండు రోజులు ఆగి కప్లింగ్ ముఖాల మధ్య ఫీలర్ గేజీతో నాలుగు వైపులా చూడాలి. 100 మి.మీ. కప్లింగ్‌కి తేడా 0.1 మి.మీ. దాటకూడదు. గ్లాండ్ ప్యాకింగ్‌ని (షాఫ్టు బోటు బయటికి వెళ్లే చోట నీరు రాకుండా చుట్టేది) చుక్క కారకుండా బిగిస్తే షాఫ్టు కాలుతుంది, తిరుగుతున్నప్పుడు అప్పుడప్పుడు చుక్క పడుతుండాలి.

కొత్త ఇంజన్‌ని జెట్టీకి కట్టేసి రోజంతా ఐడిల్‌లో తిప్పడం మన దగ్గర ఆనవాయితీ. రింగులకి అదే శత్రువు. భారం లేకుండా తిరిగితే హోనింగ్ గీతల మీద ఆయిల్ అద్దంలా అట్టకట్టి రింగులు కూర్చోవు, ఆ తర్వాత ఎన్నాళ్లయినా ఆయిల్ తాగుతూనే ఉంటుంది. వేడెక్కిన వెంటనే బయటికి తీసుకెళ్లి సగం నుంచి ముప్పాతిక భారం మీద, వేగం మార్చుతూ నడపాలి. 50 గంటలకి ఆయిల్, ఫిల్టరు మార్చి, హెడ్డు బోల్టులు మాన్యువల్ చెప్పిన టార్కుకి చూసి, ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) సరిచేయాలి. తీసిన ఫిల్టరుని పారేయకుండా కోసి కాగితం మడతలు విప్పండి. సన్నటి నల్లపొడి మామూలే. వెండి మెరుపు రవ్వలు కనబడితే పిస్టను, రాగి రంగువి కనబడితే బేరింగు లేదా బుష్షు తినేస్తోందన్నమాట, సంపు మళ్లీ దించాల్సిందే.